తూర్పు నగరము, తొలి మేయరు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో పరిసరములందును, చైతన్యపురి సందులలోను, మెట్రో స్తంభముల వెంబడిని అంతస్తు మీద అంతస్తుగా లేచిన కోచింగు సెంటర్లలో గ్రూపు-2 పరీక్షకు చదువుచున్న ఏ విద్యార్థిని పట్టి ‘ఆంధ్ర పితామహుడను బిరుదెవరిది?’ అని యడిగినను, అతడు తడుముకొనక ‘మాడపాటి హనుమంతరావు’ అని చెప్పును. ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము జరిగిన ఊరేది, సిరిసిల్ల, ఏ యేడు, 1935, అధ్యక్షుడెవరు, మాడపాటి, హైదరాబాదు నగరమునకు తొలి మేయరెవరు, మరల మాడపాటియే. ఎనుబదియైదేండ్ల జీవితము, అందులో అర్ధశతాబ్దపు ప్రజాసేవ, నేడు ఈ వీధులలో ఐదు బిట్లుగా, ఐదు మార్కులుగా మిగిలినది.

ఇట్లు చెప్పుట ఆ విద్యార్థుల నాక్షేపించుటకు కాదు. నల్లగొండనుండియో, ఖమ్మమునుండియో, పాలమూరునుండియో వచ్చి, హాస్టలు గదిలో నలుగురితో సర్దుకొని, ఉదయమున ఇడ్లీ బండి యొద్ద నిలువుకాళ్లపై తినుచునే కరెంట్ అఫైర్స్ పుస్తకము తిరుగవేయు ఆ పిల్లలకు, ఒక మహాపురుషుని జీవితమును తీరికగా చదువు అవకాశ మెక్కడిది? ఆ మాత్రమైనను ఆయన పేరు నోట పలుకుచున్నవారు వారే. ఆక్షేపింపవలసినది, ఏ పరీక్షయు వ్రాయ నక్కరలేక, సొంత యింటిలో సుఖముగా కూర్చుండి, కాలువ పొంగినపుడు మాత్రమే కార్పొరేషనును తలచుకొను మన వంటివారిని.

పేర్లు నిలుపుకొనుటలో తూర్పు నగరము వెనుకబడినదని ఎవ్వరును అనజాలరు. తన భూమిని ప్లాట్లుగా వేయించి యమ్మిన దిల్‌సుఖ్ రామ్ ప్రసాదుగారి పేర దిల్‌సుఖ్‌నగర్ వెలసినది. నిజాముల కొలువులో సేనాధిపతియైన ఫ్రెంచివాడు రేమండును జనులు ‘మూసారాము’ అని పిలుచుకొని, ఆయన తోటకు మూసారాంబాగని పేరు పెట్టి, ఆయన మరణించిన 1798వ సంవత్సరమునుండి నేటివరకు ఆ పేరును చెక్కుచెదరనీయక, చివరకు మెట్రో స్టేషనుకును దానినే యుంచిరి. తాష్కెంటులో కన్నుమూసిన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర ఎల్.బి.నగర్ నిలిచినది. ఆ కూడలియే తెలంగాణ కొరకు 2009 నవంబరులో తన్నుతాను దహించుకొనిన కాసోజు శ్రీకాంతాచారిని మరువక నిలుపుకొన్నది. భూస్వామిని, సేనానిని, ప్రధానమంత్రిని, అమరవీరుని స్మరించుచున్న మన తూర్పు నగరమున, పౌరులు పౌరులుగా ఎన్నుకొన్న వ్యక్తిని తలచు వాడుక మాత్రము ఇంకను ఏర్పడలేదు.

అయినను మాడపాటివారికిని ఈ ప్రాంతమునకును సంబంధము లేకపోలేదు. ఆ సంబంధము దారిది. ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ బస్సెక్కినవాడు వనస్థలిపురము, హయత్‌నగర్, చౌటుప్పల్, సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా నందిగామ చేరును. ఆ నందిగామ తాలూకాలోని పొక్కునూరు గ్రామమున 1885 జనవరి 22వ తేదీన హనుమంతరావుగారు జన్మించిరి. బాల్యముననే నిజాము రాష్ట్రమునకు వచ్చి, సూర్యాపేటలో అక్షరములు నేర్చి, హనుమకొండలో మెట్రిక్యులేషను ముగించి, అక్కడనే విద్యాశాఖలో చిన్న యుద్యోగమున కుదురుకొనిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారి జన్మస్థలమగు పెనుగంచిప్రోలును ఆ చుట్టుపట్లదే. ఆ లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారును, ఇదే దారిలోని మునగాల రాజాగారైన నాయని వేంకటరంగారావుగారును చేయి కలిపి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. దానిని చూచి హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టినప్పుడు, ఇరువదియేండ్లైనను నిండని హనుమంతరావుగారు అందు పాలుగొనిరి. నేడు సంక్రాంతికి కార్లు బారులు తీరి నిలిచిపోవు ఈ రహదారి గుండనే తెలంగాణమునకు ఆధునిక గ్రంథాలయము నడచివచ్చినదనుట అతిశయోక్తి కాదు.

1912లో ఆయన హైదరాబాదు చేరిరి. మూసీ వరద నగరమును ముంచి నాలుగేండ్లే గడచిన కాలమది. ప్రభుత్వములో అనువాదకులుగా కొంతకాలము పనిచేసి, తరువాత ఆ కొలువు విడిచి న్యాయవాదియై, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో సమానముగా కలము నడపి, ఉర్దూ పత్రికయగు ‘ముషీరె దక్కను’కు వ్యాసములు వ్రాసి, బంకించంద్రుని ‘ఆనందమఠము’ను తెలిగించి, ‘మల్లికాగుచ్ఛము’ అను కథల సంపుటిని వెలువరించి, పంతులుగారని అందరిచే పిలువబడుచు, ఇరుగుపొరుగు తగవులు మొదలు రాజకీయ సంకటముల దాక సలహాకు తలుపు తట్టదగిన పెద్దమనిషిగా ఆయన స్థిరపడిరి. ఇంతలో 1921 నవంబరు వచ్చినది.

ఆ నెలలో వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన నిజాము రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగెను. ఉపన్యాసములు ఇంగ్లీషున సాగినవి, ఉర్దూలో సాగినవి, మరాఠీలో సాగినవి; ఎవ్వరును అభ్యంతరము చెప్పలేదు. ఆలంపల్లి వేంకటరామారావను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడగనే సభలో ఈలలు, చప్పట్లు, గేలి బయలుదేరినవి. ఆయన తన మాటను ముగింపలేకపోయెను. రాష్ట్ర జనాభాలో తెలుగువారే అధికసంఖ్యాకులు. రాజధానిలో వారి భాషకు దక్కిన మర్యాద యిది. ఆ సభలో నున్న తెలుగువారు కొందరు టేకుమాల రంగారావుగారింట సమావేశమై ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. అవమానపడినవారు ఆవేశపడుట సహజము, మరునాడు మరచుటయు సహజమే. ఈ రెండింటికిని చిక్కక, ఆ రాత్రి పుట్టిన కోపమును పట్టికలుగా, తీర్మానములుగా, చందా పుస్తకములుగా, గ్రంథాలయములుగా మార్చుటయే మాడపాటివారి విశిష్టత యని నా యభిప్రాయము. జిల్లాజిల్లాకును తిరిగిరి, ఊరూర పఠనమందిరములు పెట్టించిరి, తాళపత్రములను, శాసనములను సేకరింపజేసిరి, వెట్టిచాకిరి నిషేధమును కోరుచు కరపత్రములు ప్రచురించిరి.

ఇది చెప్పినంత సులభమైన పని కాదు. ‘గస్తీ నిషాను తిర్పన్’ అని నాటివారు పిలిచిన ఉత్తరువు ప్రకారము, ముందుగా అనుమతి లేనిదే సభ జరుపరాదు. ప్రైవేటు పాఠశాల తెరచుటకు సైతము సర్కారు సెలవు కావలెను. నలుగురు కూడి పత్రిక చదువుకొను గది యనిన, పోలీసు అమీనుకు అది రాజద్రోహపు గూడువలె తోచు కాలము. అట్టి కాలమున దరఖాస్తు పెట్టి, తిరస్కరింపబడి, మరల పెట్టి, అధికారి మారినపుడు మరొకమారు పెట్టి, ఓరిమితో సాధించిన సంస్థలవి. ఓపిక యనునది వీరుల గుణములలో లెక్కకు రాదు. కాని నగరములు నిలుచునది దాని పైననే.

ఆ యోపికకు నారాయణగూడలోని బాలికల పాఠశాల కంటె మించిన నిదర్శనము లేదు. తెలుగు బాలికలకు తెలుగున ఉన్నతవిద్య నేర్పవలెనని 1928లో ఆయన ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పిరి. ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు నీడలో, తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల పరీక్ష వ్రాయవలెనన్న ఎక్కడ వ్రాయవలెను? పంతులుగారు పూనాకు చూపు సారించి, కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయమునకు ఈ పాఠశాలను అనుబంధము చేయించిరి. ఎవ్వరి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు మాట గేలిచేయబడినదో, ఆ మహనీయుని విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు దారి చూపుట గమనింపదగినది. అవమానించినవారిపై అలిగి కూర్చుండుట కంటె, వారిలోని మంచివారితో పని సాధించుకొనుట మేలని ఎరిగిన లౌక్యమది. లౌక్యమను మాటను నేనిక్కడ ప్రశంసగానే వాడుచున్నాను. ఆ పాఠశాల నేటికిని ఆయన పేరనే నారాయణగూడలో నున్నది.

దోషమును చెప్పక గుణమునే చెప్పుట స్తోత్రమగును గాని విమర్శ కాదు. మాడపాటివారు మితవాదులు. విన్నపములు, విజ్ఞప్తులు, తీర్మానములు వారి ఆయుధములు; నిజాము ప్రభువును నేరుగా ధిక్కరించు త్రోవ వారిది కాదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ, పదేండ్లు గడచునప్పటికి రావి నారాయణరెడ్డిగారి వంటి యువకుల చేతికి వచ్చి, 1944లో భువనగిరి సభతో చీలిపోయినప్పుడు, పల్లెలలో దొర గడీల ముందు వంగి నిలిచిన రైతుకు ఈ పెద్దల విన్నపములు తాటాకు చప్పుళ్లవలె వినిపించినచో అందు వింతలేదు. వెట్టి పోవుటకు కరపత్రము చాలలేదు. రైతులు తెగించి లేవవలసివచ్చినది. ఇది చరిత్ర చెప్పిన తీర్పు, దీనిని త్రోసిపుచ్చలేము. అయినను ఆ తెగించినవారిలో అనేకులు తొలి పుస్తకమును తెరచినది ఏ పఠనమందిరమున, తొలి పత్రికను చదివినది ఏ భాషానిలయమున అని విచారించినచో, దారి వేసినవారెవరో తెలియగలదు. నడచినవారి కీర్తి నడచినవారిది, బాట వేసినవారి కీర్తి బాట వేసినవారిది.

ఇక మేయరు పదవి. హైదరాబాదు పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగు కాలమున ఆరంభమైనది. నాటి నగర విస్తీర్ణము 55 చదరపు కిలోమీటర్లు, జనులు మూడున్నర లక్షలు. 1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీని కలిపి కార్పొరేషను చేసిరి. 1942లో ఆ హోదాను రద్దుచేసిరి. 1950లో మరల ఇచ్చిరి. 1951లో ఎన్నికలు జరిగి, అరువదియారేండ్ల వయసున మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరై 1954 వరకు ఆ పదవి నలంకరించిరి. పోలీసు చర్య జరిగి ఇంచుమించు మూడేండ్లే గడచినవి. రజాకార్ల హింసయు, తదనంతరపు ప్రతీకార హింసయు మిగిల్చిన గాయములు పచ్చిగానే యున్నవి. పాత ప్రభుత్వపు భాష ఉర్దూ. కొత్తగా తల యెత్తుచున్నది తెలుగు. ఒక బల్ల చుట్టు ఈ రెండు భాషలవారును కూర్చుండవలసిన సభకు, ముప్పదియేండ్లు తెలుగు కొరకు పోరాడియు ఉర్దూపై ద్వేషమెరుగక, ఆ భాషలో వ్రాసి మన్నన పొందిన వ్యక్తి అధ్యక్షుడగుట ఈ నగరపు అదృష్టము.

మేయరుకు అధికారము లేదని వాపోవుట నేడు వాడుకయైనది. అధికారము నాడును లేదు. కార్యనిర్వహణాధికారము కమీషనరుది, మేయరు సభను నడపును, నగరమునకు ముఖముగా నిలుచును, అంతే. అయినచో తొలి మేయరునకు ఆ గౌరవమెచ్చటినుండి వచ్చినది? పదవి ఆయనకు ఇచ్చినది స్వల్పము. పదవికి ఆయన తెచ్చినది అనల్పము. మేయరగుటకు పూర్వమే ఆయన చేతిమీదుగా పాఠశాల నడచుచుండెను, గ్రంథాలయములు నడచుచుండెను, సంఘములు నడచుచుండెను. మనము ఈ క్రమమును తలక్రిందులు చేసితిమి: మొదట టిక్కెట్టు, తరువాత పదవి, అటుపిమ్మట ఫ్లెక్సీలు, ప్రజాసంస్థ యనునది ఏనాటికైనను తీరికయున్నచో.

మరియొక సంగతిని ఎల్.బి.నగర్, వనస్థలిపురము, కొత్తపేట వాసులు ప్రత్యేకించి చెవిన వేసికొనవలెను. ఆయన మేయరుగా నున్న కాలముననే, 1952 సెప్టెంబరులో, ముల్కీ యుద్యమము నగరమును కుదిపినది. సిటీ కాలేజి కడ తుపాకులు పేలినవి. ఎవరు స్థానికుడు, ఎవరు కాడు అను ప్రశ్న నాడే నెత్తురు చూచినది. ఆ సమయమున నగర ప్రథమ పౌరుడుగా నున్నవాడు కృష్ణా జిల్లాలో పుట్టి, తెలంగాణమున పెరిగి, తెలంగాణపు వెట్టివానికిని, తెలంగాణపు బాలికకును తన జీవితము ధారపోసినవాడు. పుట్టిన యూరినిబట్టి ఆయనను లెక్కించినవారు లేరు. మన కాలనీలలో అద్దె యిల్లడిగినవానిని మొదట ‘మీదేవూరు?’ అనియు, పిమ్మట ‘మీరేవాళ్లు?’ అనియు ప్రశ్నించువారు ఈ దృష్టాంతమును తలచుకొనుట మంచిది. అట్లే, ముప్పదియేండ్లు ఇచ్చట నివసించియు, ఓటును మాత్రము సొంత యూరిలోనే దాచుకొని, ఇక్కడి కాలువను గూర్చి ఇక్కడివారే చూచుకొందురులే యనుకొనువారును తలచుకొనుట మంచిది. తిలాపాపం తలా పిడికెడు.

తరువాతి కథను క్లుప్తముగా చెప్పెదను. 1955లో పద్మభూషణ పురస్కారము లభించినది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి యేర్పడినపుడు దానికి తొలి అధ్యక్షులైరి. ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ అను రెండు భాగముల గ్రంథమున తాను కన్న చరిత్రను తానే వ్రాసియుంచిరి. 1970 నవంబరు 11న పరమపదించిరి.

ఆయన వెళ్లిపోయిన యేడే నగరమున ఎన్నికైన పాలకమండలియు వెళ్లిపోయినది. 1986 వరకు తిరిగి రాలేదు. 1991లో మరల పోయి 2002 వరకు రాలేదు. ఇన్నేండ్లు లక్షల జనుల యింటి ముందరి చెత్తను, నీటిని, దీపమును ప్రత్యేకాధికారులు చూచుకొనిరి. మనకు కోపము రాలేదు. 2002లో ప్రజలు నేరుగా ఓటువేసి తీగల కృష్ణారెడ్డిగారిని మేయరుగా నెన్నుకొన్నపుడు, ఇక ఈ పదవికి ప్రాణము వచ్చినదని కొందరమనుకొంటిమి. ఆ ప్రత్యక్ష పద్ధతియు తరువాత మరల రాలేదు. ఇంతలో 2007 ఏప్రిలున పండ్రెండు పురపాలక సంఘములను నగరమున కలిపి మహానగర పాలక సంస్థను చేసిరి. రెండున్నర లక్షలకు మించిన జనులున్న ఎల్.బి.నగర్ మునిసిపాలిటీయు, దిల్‌సుఖ్‌నగరును ఒడిలో పెట్టుకొన్న గడ్డిఅన్నారము మునిసిపాలిటీయు, ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీయు ఆ దినమున అంతరించినవి. 1869లో 55 చదరపు కిలోమీటర్లుగా నున్న నగరము ఆరువందలకు పైబడినది. పెద్దదైనచో నిధులు వచ్చుననిరి. రోడ్లు, ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు నిజముగానే వచ్చినవి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి.నగరుకు మెట్రోయు వచ్చినది. కాదనుట కృతఘ్నత. కాని మునిసిపల్ చైర్మను ఇంటి గుమ్మము ముందు నిలిచి ‘ఏమయ్యా, మా వీధి కాలువ మాట ఏమాయె?’ అని అడుగగల చనువు ఆ దినముతోనే పోయినది.

ఆ చనువు పోయిన ఫలితము 2020 అక్టోబరు వానలలో ఎల్లరకును కనబడినది. సరూర్‌నగర్ చెరువు క్రింది కాలనీలలో, కోదండరామ్‌నగరున, చైతన్యపురిలో ఇండ్లలోనికి నడుములోతు నీరు వచ్చి, మంచము, బియ్యపు సంచి, పిల్లల సర్టిఫికెట్లు ఒక్కటిగా తేలినవి. చెరువు తన చోటును తాను వెదకికొన్నది. ఏ నాలా ఎక్కడ పూడ్చిరో, ఎవరు ఏ గోడ కట్టిరో ఆ వీధి ముసలివారికి తెలియును. వినవలసిన చెవి మాత్రము టాంక్‌బండ్ దగ్గరి కార్యాలయమున, చాల దూరమున నుండెను. రెండు నెలలకే ఎన్నికలు వచ్చినవి, ఎల్.బి.నగర్ ప్రాంతమువారు తమ కోపమును ఓటుతో తెలియజేసిరి. అయితే నగరమంతటి లెక్క చూచినచో, 2009లోను, 2016లోను, 2020లోను ఒక్కమారైనను ఓటర్లలో సగము మంది పోలింగు కేంద్రమునకు రాలేదు. తొలి మేయరును మరచినవారమే కాదు, మేయరను వాని నెన్నుకొను పనినే మరచుచున్నాము.

నేను ఈ వ్యాసమును వ్రాయుటకు ముఖ్యకారణమైన విషయమునకు ఇప్పుడు వచ్చెదను. దిల్‌సుఖ్‌నగరున ఇటీవలి యేండ్లలో ఒక కొత్త వ్యాపారము పెరిగినది. దానిని స్టడీ హాలందురు, రీడింగ్ రూమందురు. మూడవ అంతస్తులో పొడుగాటి గది. ప్లైవుడ్డు పలకలతో చేసిన యిరుకైన అరలు. అర కొక కుర్చీ, ఒక చిన్న ఎల్‌ఈడీ దీపము, ఒక ప్లగ్గు, గోడకు అంటించిన అంకె. మూల నీళ్ల క్యాను. తలుపు బయట చెప్పుల గుట్ట. నెలకింత యని రుసుము. ఏసీ గదియైనచో మరికొంత. కుర్చీకి అంకె యున్నది గాని అలమార లేదు, పుస్తకము లేదు, దినపత్రికయు లేదు. వారు అమ్ముచున్నది నిశ్శబ్దము మాత్రమే. తల్లిదండ్రులు పొలముపై అప్పు తెచ్చి పంపిన సొమ్ములో కొంత, కూర్చుండి చదువుకొనుటకు చోటు కొరకు పోవుచున్నది. ఇది చెల్లింపలేనివారు తెల్లవారగనే మెట్రో యెక్కి, ఎం.జి.బి.ఎస్.లో బండి మారి, సుల్తాన్‌బజారు, నారాయణగూడ దాటి చిక్కడపల్లిలో దిగి, నగర కేంద్ర గ్రంథాలయమున చోటు పట్టుకొనుటకు పోవుదురు. వారు దాటి పోవు ఆ రెండు స్టేషన్లకు చేరువలోనే ఒకచోట భాషానిలయము, మరియొకచోట బాలికల పాఠశాల యున్నవని వారికి చెప్పిన అధ్యాపకుడున్నాడో లేదో!

పుస్తకము, పత్రిక, కూర్చుండుటకు చోటు ఉచితముగా నిచ్చు గదిని నిజాము పోలీసుల అనుమానముల నడుమనైనను నెలకొల్పవచ్చునని 1904లో ఒక చిరుద్యోగి తలపోసెను. నేడు అనుమతి యడుగవలసిన పనిలేదు. పన్ను సైతము ముందే వసూలైనది. ఆస్తిపన్ను చెల్లించు ప్రతి గృహస్థుని యొద్దను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను తీసికొనుచున్నారు. కొత్తపేటలోని అపార్టుమెంటు యజమానియు, ఎల్.బి.నగర్ రహదారి మీది బట్టల దుకాణపు షావుకారును దీనిని తెలిసియో తెలియకయో కట్టుచునే యున్నారు. పురపాలక సంస్థ వసూలు చేసిన యీ సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరక బకాయి పడినదను వార్త పత్రికలలో తరచు చదువుచున్నాము. ఇచ్చట శాఖా గ్రంథాలయములు లేవనను. ఉన్నవి సాయంకాలము తలుపులు మూయు వేళకు, స్టడీ హాళ్లలో రాత్రి విద్యార్థుల రాక మొదలగును. నిధి యున్నది, అవసరమున్నది, చదువరులు వేలకొలది యున్నారు. ఈ మూటిని కలుపు మనిషి లేడు. మాడపాటివారు చేసినది ఈ కలుపు పనియే. అందుకు మేయరు పదవి యక్కరలేదు. అయితే ఆ పదవిలో కూర్చుండువాడు ఆ పని చేయకున్న క్షమింపరాదు.

2023 జూనులో వార్డుకొక కార్యాలయము తెరచిరి. ఓటడుగ వచ్చినవారిని కాలువలను గూర్చియు, దీపములను గూర్చియు తప్పక అడుగుడు; వానితోపాటు ఈ ఒక్క ప్రశ్నను చేర్చుడు: మా వార్డునుండి పోయిన గ్రంథాలయ పన్ను ఎంత, తిరిగి వచ్చినది ఎంత? ఆ సొమ్ముతో దిల్‌సుఖ్‌నగరున ఒకటియు, ఎల్.బి.నగరున ఒకటియు, అర్ధరాత్రి వరకు దీపము వెలుగు పఠనమందిరములు తెరువవలెనని కాలనీ సంక్షేమ సంఘములు తీర్మానము చేసి పంపవలెను. అందొకదానికి మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేరు పెట్టవలెను. ఆస్తిపన్ను రసీదు మీ యింటి బీరువాలోనే యున్నది. దానిని తీసికొని వార్డు కార్యాలయమునకు వెళ్లుడు.